నెలనెలా వచ్చు నొప్పి: ఒక వ్యాధి చరిత్రము

వ్యాధులకు చరిత్రము గలదనిన కొందఱు నవ్వుదురు. రాజ్యములకు చరిత్రము గలదు, యుద్ధములకు గలదు. రోగమునకు చరిత్ర మేమి, మనుష్యుడు పుట్టిననాటినుండియు రోగము లున్నవి గదా యని వారి వాదము. అయితే రోగముండుట వేఱు, రోగమున్నదని లోక మొప్పుకొనుట వేఱు. ఈ రెంటికిని నడుమ గడచిన కాలమే వ్యాధియొక్క చరిత్రము. మశూచి విషయమున ఈ కాలము స్వల్పము. దాని గుఱుతు ముఖముమీదనే కనబడుచుండెను గనుక ఎవ్వరును కాదనజాలకుండిరి. కంటికి గనబడక, బాధపడువారి నోటిమాటవలననే తెలియవలసిన వ్యాధులకు ఈ కాలము దీర్ఘము. ఆ నోరు స్త్రీదైనచో ఇంకను దీర్ఘము. అట్టి యొక వ్యాధి చరిత్రమును ఈ నెల మా చదువరులకు నివేదింపదలచితిమి. మేము వైద్యులము కాము. పాఠశాలలో పిల్లలకు పాఠములు చెప్పుకొనువారము. ఔషధములు సూచించుట మా పని కాదు. ఒక సంగతి తెలిసికొనుటకు లోకమున కెంతకాలము పట్టినదో, ఏల పట్టినదో విచారించుట మాత్రము చరిత్ర చదువుకొన్న వారందఱి పనియు నగును.

ఆ వ్యాధికి వైద్యులు పెట్టిన పేరు ఎండోమెట్రియోసిస్. ఇది గ్రీకుపదములతో కూర్చిన పేరు. ‘ఎండో’ యనగా లోపల. ‘మేట్రా’ యనగా గర్భాశయము. ఈ మేట్రాశబ్దము తల్లి యను నర్థముగల గ్రీకుపదమునుండి పుట్టినది. ఆ పదము మన సంస్కృతమందలి మాతృశబ్దమునకు తోబుట్టువు. గర్భాశయమునకు లోపలివైపున మెత్తని పొర యొకటి గలదు. అది నెలనెలా దట్టముగ పెరిగి, గర్భము నిలువనియెడల విడివడి రక్తముతోగూడ వెలికి బోవును. దీనినే మనము ముట్టనియు, బహిష్టనియు అందుము. ఈ పొరను బోలిన కణజాలము గర్భాశయమునకు వెలుపల, అండాశయములమీదనో, పేగులమీదనో, కడుపులోని పలుచని పొరమీదనో పెరుగుటయే ఈ వ్యాధి. చోటు మాఱినను దాని స్వభావము మాఱదు. అండాశయములనుండి వచ్చు రసముల యాజ్ఞ రక్తముద్వారా అందినప్పుడు అదియు ఉబ్బును, అదియు నెత్తురు కార్చును. గర్భాశయములోని రక్తమునకు వెలికిపోవు ద్వారము గలదు, దీనికి లేదు. నిలిచిన నెత్తురు చుట్టుప్రక్కల వాపును, మచ్చలను, అతుకులను గలిగించును. తీవ్రమైన నొప్పియు, కొందఱికి సంతానము గలుగకుండుటయు దీని ముఖ్యలక్షణములు. ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము సంతానవయస్సులోనున్న స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి, అనగా ప్రపంచమంతట దాదాపు 19 కోట్లమందికి, ఈ వ్యాధి గలదు.

ఈ కణజాలము సాధారణముగ పొత్తికడుపు సరిహద్దులలోనే యుండును. ఆ సరిహద్దు దాటిన సందర్భములును గలవు. ఊపిరితిత్తులలో గనబడినది, కాలికి బోవు పెద్దనరము చుట్టును గనబడినది, మిక్కిలి యరుదుగ వెన్నెముక నాళములోను, వెన్నుపాములోను గనబడినది. వెన్నుపాము అనునది మెదడునుండి నడుమువఱకు ఎముకల గొట్టములో నిమిడియున్న నరముల మోకు. కడుపు సాగును గాని ఎముక సాగదు. అట్టి యిఱుకుచోట నెలకొకమాఱు ఉబ్బునట్టి పదార్థము చేరినచో నలుగునది నరమే. ఇంత యరుదైన దానిని మేమేల యెత్తుకొంటిమని చదువరు లడుగవచ్చును. కడుపులో నొప్పియన్న స్త్రీని ముట్టుమాట యడుగుట ఏ వైద్యునికైనను తోచును. నడుములో పోటు, కాలిలో తిమ్మిరి, అడుగు తడబడుట యని చెప్పిన స్త్రీని నరములవైద్యుడు నరములను గుఱించియే యడుగును. నెలను గుఱించి యడుగుట ఆయనకు తోచదు. అచ్చట నొప్పి ఏ తేదీన వచ్చినదను ప్రశ్నయొక్కటియే గుట్టును విప్పగలదు. ఆ ప్రశ్నను లోకము ఎంతకాలము అడుగక యుండెనో, అడుగక యేమి చేసెనో తెలుపుటకు ఈ యరుదైన సందర్భమే మంచి సాక్ష్యము.

ముందుగా ప్రాచీనులను జూతము. గ్రీకుదేశమున క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున ప్లేటో తన తిమయస్ అను గ్రంథమున గర్భాశయమును సంతానమును గోరు ప్రాణిగ వర్ణించెను. చిరకాలము ఫలింపనియెడల అది యలిగి దేహమంతట తిరిగి, ఊపిరిమార్గముల నడ్డగించి, నానావిధ రోగములను గలిగించునని చెప్పెను. హిపోక్రటీసు పేర వెలసిన వైద్యగ్రంథములలోను కన్నెపిల్లల బాధలకు శీఘ్రముగ పెండ్లిచేయుట మందుగ చెప్పబడినది. గర్భాశయమునకు గ్రీకుభాషలో ‘హిస్టెరా’ యని మఱియొక పేరు గలదు. హిస్టీరియా యను మాట దానినుండియే పుట్టెను. ఈ తిరుగుడు గర్భాశయపు కథను ఆ కాలముననే కాదన్నవాడును గలడు. క్రీస్తుశకము 2వ శతాబ్దమున రోమునగరమున వైద్యముచేసిన సొరానస్, గర్భాశయము గుహనుండి వెడలు మృగమువలె తిరుగునది కాదని స్పష్టముగ వ్రాసెను. ఆయన మాటను లోకము విని యూరకుండెను. ప్లేటో కథయే పదునెనిమిది శతాబ్దములు నిలిచెను.

మన వైద్యగ్రంథములను జూచిన వింతయైన సంగతి యొకటి గనబడును. చరకసంహిత చికిత్సాస్థానమున 30వ అధ్యాయము స్త్రీరోగములకు సంబంధించినది. అందు 20 విధములైన యోనివ్యాపత్తులు చెప్పబడినవి. వానిలో ఉదావర్తిని యనునది యొకటి. వాయువు ఎదురు తిరుగుటవలన రజస్సు మీదికి బోవుననియు, అప్పుడు స్త్రీ మిక్కిలి నొప్పిపడుననియు, రజస్సు వెడలినంతనే ఉపశమనము గలుగుననియు దాని లక్షణము. ఇదే చికిత్సాస్థానమున 28వ అధ్యాయము వాతవ్యాధులకు సంబంధించినది. అందు గృధ్రసి యను వ్యాధి గలదు. పిరుదునుండి తొడమీదుగ పాదమువఱకు దిగు నొప్పి దాని లక్షణము. ఇంగ్లీషువైద్యులు సయాటికా యనునది ఇదియే. ఈ రెండు వ్యాధుల నడుమ గ్రంథమున నున్న దూరము ఒక్క అధ్యాయము. కాని ఒక స్త్రీకి ఒకే కారణమున, ఒకే తేదీలలో, ఈ రెండు బాధలును గలుగవచ్చునని లోకము గ్రహించుటకు 20వ శతాబ్దము రావలసివచ్చెను.

రజస్సు మీదికి బోవుననుమాట జూచి, ఎండోమెట్రియోసిస్ మన ఋషులకు తెలియునని చంకలు గొట్టుకొనువా రుందురు. వారితో మేము ఏకీభవింపజాలము. చరకుడు చూచినది లక్షణము, చెప్పినది వాతసిద్ధాంతము. గర్భాశయపు పొర వెలుపల పెరుగుట సూక్ష్మదర్శని లేక తెలియరాదు. అయినను ఒక గౌరవము ఆ గ్రంథమునకు చెల్లవలెను. నొప్పి ముట్టునకు ముందు హెచ్చునా, వెడలినపిదప తగ్గునా యను విచారణ అందులో గలదు. బాధపడు స్త్రీ చెప్పిన కాలక్రమమును లక్షణముగ స్వీకరించిన వాక్యమది. తరువాతి కాలమున, ఇక్కడనేమి యూరపులోనేమి, ఆ పాటి విచారణయు లోపించెను.

19వ శతాబ్దమున యూరపుఖండము శాస్త్రములలో ముందంజ వేయుచుండెను. 1828లో గ్లాస్గో నగరపు వైద్యుడు థామస్ బ్రౌన్ వెన్నెముక నరముల చికాకును గుఱించి యొక వ్యాసము ప్రకటించెను. వెన్నుమీద వ్రేలితో నొక్కినచో నొప్పియనువారికి, వారిలో ముఖ్యముగ స్త్రీలకు, ఈ పేరు పెట్టు వాడుక ఆ దశాబ్దములలో ప్రబలెను. నొప్పిగల చోట జలగలను పట్టించుట, చర్మముమీద పొక్కులు లేచునట్టి మందులు పూయుట చికిత్సగ నుండెను. వెన్ను నొప్పియని యొప్పుకొనిరి. కారణము మాత్రము స్త్రీల నరముల దుర్బలత్వమని తేల్చిరి. అట్లు తేల్చినచో ఇక వెదకవలసిన దేమియు నుండదు గదా.

ఆ శతాబ్దపు కడపటి భాగమున పారిస్ నగరమున సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో యను మహావైద్యుడు వెలుగొందెను. వెన్నుపాము వ్యాధులను గుఱించి ఆయనకంటె నెక్కువ తెలిసినవా డా కాలమున లేడనిన అతిశయోక్తి గాదు. నరముల వ్యాధులను అనేకములను మొట్టమొదట స్పష్టముగ వేఱుపఱచినవా డాయనయే. ఆయనయే హిస్టీరియా రోగిణులను జూచి, వారి పొత్తికడుపులో అండాశయముల చోట నొక్కిన నొప్పి కలుగుటను గమనించెను. అచ్చట నొక్కినచో మూర్ఛ వచ్చుటగాని ఆగుటగాని జరుగునని చెప్పి, ఆ చోటును నొక్కిపట్టుటకు మరలుగల యొక పట్టీనిగూడ వాడించెను. హిస్టీరియా పురుషులకును వచ్చునని నిర్భయముగ బోధించినవా డగుటచే ఆయనను కేవలము స్త్రీద్వేషి యనుట న్యాయము కాదు. వెన్నుపామును, అండాశయమును రెంటిని చేతితో తడవిచూచిన యాతడు, ఆ రెంటి నడుమ మాంసముతో, నెత్తురుతో గూడిన సంబంధము కొందఱి విషయమున నుండవచ్చునని యూహింపలేదు. ఆయన రోగిణులలో ఎందఱి కీ వ్యాధి యుండెనో నేడు చెప్పుట అసాధ్యము. కొందఱికైన నుండియుండునని ఇటీవలి చరిత్రకారులైన వైద్యులు కొందఱు వాదించుచున్నారు. హిస్టీరియా యను రోగనామమును అమెరికాలోని మనోవైద్యుల సంఘము తన పట్టికనుండి 1980లో తొలగించెను.

ఈ నడుమనే అమెరికాలో వేఱొక మార్గమున ప్రయత్నము జరిగెను. జార్జియా రాష్ట్రమున రోమ్ అను చిన్నపట్టణమున రాబర్ట్ బాటీ యను శస్త్రవైద్యుడు 1872లో, ముట్టుబాధలచే కృశించిన యొక స్త్రీకి అండాశయములను తీసివేసెను. ఆమె బ్రదికెను. అంతట ఆ శస్త్రచికిత్స అమెరికాలోను యూరపులోను ఫాషనువలె వ్యాపించెను. ముట్టు బాధలకే గాక, మూర్ఛలకును, మనోవికారములకును గూడ ఆరోగ్యముగనున్న అండాశయములను కోసివేసిరి. కొందఱు మరణించిరి. కొందఱి నొప్పి నిజముగనే తగ్గెను. అండాశయరసములు లేనిచో తప్పిపోయిన కణజాలము ఎండిపోవునని నేడు తెలిసినందున ఆ తగ్గుట కర్థము తెలియుచున్నది; అప్పుడు కోసినవారికి తెలియదు. చీకటిలో విసరిన ఱాయి ఒక్కొక్కప్పుడు తగులును. తగిలినందున విసరినవానికి గురి గలదనరాదు.

గురి నేర్పినది సూక్ష్మదర్శని. వియన్నా నగరమున కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ శవపరీక్షాశాస్త్రమునకు పెద్ద. ఆయన 1860లో గర్భాశయపు లోపొరను బోలిన గ్రంథులు వేఱుచోట్ల గల గడ్డలలో నుండుటను వర్ణించెను. మేరీలాండ్ రాష్ట్రమున బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున థామస్ కల్లెన్ ఇట్టి గడ్డలనే యెన్నియో సంవత్సరములు పరిశీలించి 1908లో గొప్ప గ్రంథము ప్రకటించెను; 1920లో ఇవి శరీరమున ఏయే చోట్ల గనబడునో వివరించెను. అయినను ఇవి యన్నియు ఏదో యొక గడ్డ యనియే భావింపబడుచుండెను. ఇవి నెలతో గూడ జీవించునవని గట్టిగ నిరూపించినవాడు న్యూయార్కు రాష్ట్రమున ఆల్బనీ పట్టణపు శస్త్రవైద్యుడు జాన్ సాంప్సన్.

సాంప్సన్ చేసిన పని చెప్పుటకు సులభము. ఆయన తన రోగిణులకు శస్త్రచికిత్సలను వారి ముట్టు దినములకు సరిపడునట్లు ఏర్పాటు చేసికొనెను. ఇతరులు ఆ దినములను తప్పించుచుండగా ఆయన వానినే కోరెను. అప్పుడు కడుపు తెఱచిచూడగా, అండాశయములమీది తిత్తులు గోధుమవర్ణముగల చిక్కని పాతనెత్తురుతో నిండియుండుటయు, వెలుపలి కణజాలము గర్భాశయముతోపాటు అదే వేళ నెత్తురోడుటయు కనులార జూచెను. ఈ తిత్తులను గుఱించి 1921లో వ్రాసెను. వానికి చాకొలేటు తిత్తులని పేరు నిలిచినది. 1925లో ఎండోమెట్రియోసిస్ అను పేరు పెట్టెను. 1927లో కారణమును ప్రతిపాదించెను. ముట్టు రక్తములో కొంత వెలికి బోవుటకు మాఱుగ అండవాహికలగుండ వెనుకకు కడుపులోనికి బోవుననియు, దానితో బోయిన సజీవకణములు అచ్చట నాటుకొని పెరుగుననియు ఆయన సిద్ధాంతము. రెండువేల యేండ్లుగ ఎవ్వరును పరీక్షింపని తేదీని ఆయన పరీక్షాసాధనముగ జేసికొనెను. మా దృష్టిలో ఆయన గొప్పతనమంతయు నిందే యున్నది.

ఈ సిద్ధాంతమునకు ఎదురాడినవారు గలరు. బెర్లిన్ నగరపు రోగనిదానశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మేయర్, కణములు ప్రయాణము చేయనక్కఱలేదనియు, కడుపులోని పొరయే తానున్నచోట గర్భాశయపు పొరగ మాఱగలదనియు వాదించెను. ఆయన యూదుడగుటచే నాజీల పాలనలో నిలువలేక 1939లో అమెరికాకు వలసపోయెను. వియన్నాకు చెందిన హాల్బన్ 1924లో కణములు శోషరసనాళములద్వారా పోవునని చెప్పెను. సాంప్సన్ తానును 1927లోనే మఱియొక వ్యాసమున, కణములు సిరలలోబడి దూరముగ కొట్టుకొనిపోవచ్చునని చూపెను. కాలక్రమమున కొన్ని సంగతులు తేలినవి. 1950 ప్రాంతమున కోతులలో గర్భాశయమును త్రిప్పి ముట్టురక్తము కడుపులోనికి బోవునట్లు చేయగా వానిలో కొన్నింటికి ఈ వ్యాధి గలిగెను. 1984లో ప్రకటింపబడిన పరిశీలనలో, ముట్టు సమయమున వాహికలు మూసికొనని స్త్రీలలో నూటికి 90 మందికి కడుపులో రక్తము గనబడెను. రక్తము వెనుకకు బోవుట ఇంచుమించుగ నందఱికిని గలదు. వ్యాధి పదిమందిలో నొకతెకే గలదు. కాబట్టి నాటుకొననిచ్చు దేహస్థితి, వంశలక్షణము మొదలగు వేఱు కారణములును గలవు. ప్రోస్టేటు పుట్టకుఱుపునకు స్త్రీరసములు చిరకాలము తీసికొన్న పురుషులకును మిక్కిలి యరుదుగ ఈ వ్యాధి వచ్చుటచే, ఏ యొక్క సిద్ధాంతమును సర్వమును చెప్పజాలదని స్పష్టమైనది.

మఱి వెన్నులోని కెట్లు చేరును? దీనికి సమాధానము వేఱొక ప్రశ్న నడిగినవానినుండి వచ్చెను. ఫిలడెల్ఫియా నగరమున శరీరశాస్త్రము బోధించు ఆస్కార్ బాట్సన్, పొత్తికడుపులోని పుట్టకుఱుపులు గుండెను ఊపిరితిత్తులను దాటకుండ వెన్నెముకకే యేల పాకుచున్నవని విచారించెను. 1940లో ఆయన చూపినదేమనగా, పొత్తికడుపు సిరలకును వెన్నెముక చుట్టునుండు సిరలకును నేరుగ కలయిక గలదు. ఈ సిరలలో రక్తము వెనుకకు బోకుండ నాపు తలుపులు లేవు. దగ్గినప్పుడును, ముక్కినప్పుడును, బరువెత్తినప్పుడును కడుపులో నొత్తిడి హెచ్చి రక్తము వెన్నువైపునకు మఱలును. సాంప్సన్ చెప్పిన సిరలమాటను, బాట్సన్ చూపిన దారిని కలిపినచో గర్భాశయపు పొరకు వెన్నువఱకు బాట యేర్పడినది. ఈ యరుదైన రోగమునకు నేటికిని ఎక్కువమంది చూపు మార్గములలో నిది యొకటి.

ఇక నరములవైద్యుల వంతు వచ్చెను. 1955లో అమెరికాలో డెంటన్, షెరిల్ అను వైద్యులు తొడనరములో ఈ కణజాలము చేరుటచే గలిగిన సయాటికాను ప్రకటించిరి. 1962లో మఱికొందఱు దీనికి ఆవృత్తి సయాటికా యను నర్థముగల పేరు పెట్టిరి. నెలనెలా తిరిగివచ్చు గృధ్రసి యని మనము చెప్పుకొనవచ్చును. ఇట్టి సందర్భములలో ఎక్కువ భాగము కుడికాలికే వచ్చుట పిమ్మట గమనింపబడినది. ఎడమవైపున పెద్దపేగు మడత అడ్డముగ నుండి కొంత కాపాడునని ఊహ. 1968లో మెక్సికో దేశపు వైద్యులు లొంబార్దో, మాతెయోస్, బరోయెతా అనువారు న్యూరాలజీ పత్రికలో వెన్నెముక నాళమున చేరిన ఈ కణజాలమువలన మెదడును వెన్నుపామును చుట్టియుండు నీటిలో రక్తము చేరిన వృత్తాంతమును వ్రాసిరి. 1995లో అదే పత్రికలో, ఇట్టి రక్తస్రావము మఱలమఱల వచ్చిన మఱియొక వృత్తాంతము వెలువడెను. 2002లోను, 2006లోను వెన్నుపాము కొసలోపలనే ఈ కణజాలము కనబడిన వృత్తాంతములు వైద్యపత్రికలలో వచ్చెను. వానిలో రెండవది మన భారతదేశపు వైద్యులు వ్రాసినది. ఇన్ని దశాబ్దములలో మొత్తముమీద ఇట్టివి చాల కొలదిగనే ప్రకటింపబడినవి.

ఈ సందర్భములలో ఎల్లవారికి పాఠము చెప్పు సంగతి యొకటి గలదు. మొదట నొప్పి ముట్టుతో వచ్చి ముట్టుతో పోవును. కొన్ని సంవత్సరములు గడచినపిదప మచ్చ గట్టిపడి నరమును శాశ్వతముగ నొక్కును. అప్పుడు నొప్పికి తేదీ యుండదు, ఎల్లప్పుడు నుండును. కాలు సన్నగిల్లవచ్చును, మూత్రము పట్టు తప్పవచ్చును. అనగా నిదానమునకు దారిచూపు గుఱుతు మొదటి సంవత్సరములలో స్పష్టముగనుండి, ఎవ్వరును జూడకయున్నచో క్రమముగ చెఱిగిపోవును. ఆలస్యము వలన రోగము పెరుగుటయే గాక రోగమును గుర్తించు సాధనమును నశించును.

ఆలస్యమునకు వైద్యుల అజ్ఞానమొక్కటియే కారణము కాదు; వారి తీర్పులును కారణములే. 1940 ప్రాంతమునుండి బోస్టన్ నగరపు ప్రఖ్యాత వైద్యుడు జో మీగ్స్, ఈ వ్యాధి సంపన్నకుటుంబముల స్త్రీలు ఆలస్యముగ పెండ్లాడి, ఆలస్యముగ కనుటవలన వచ్చుచున్నదని వ్రాసి, త్వరగ పెండ్లాడి త్వరగ కనుడని సలహా యిచ్చెను. గర్భమున్నంతకాలము ముట్టు ఆగును గనుక నొప్పి కొందఱికి తగ్గుట నిజమే. కాని ఈ సలహానుండి ఉద్యోగము చేయు స్త్రీల జబ్బు అను నింద పుట్టెను. హిపోక్రటీసు గ్రంథములలోని పెండ్లిమందు రెండువేల మూడువందల యేండ్లకు బోస్టనులో మఱల వెలసెను. ఈ నిందకు మఱియొక ముఖము గలదు. ఇది తెల్లవారి కలవారి జబ్బు అనుకొన్నందున, పేద నల్లజాతి స్త్రీలు అదే నొప్పి చెప్పినప్పుడు వారికి సాంగత్యదోషమువలన గలిగిన పొత్తికడుపు వాపని పేరు పెట్టుచుండిరి. 1976లో షికాగో నగరపు వైద్యుడు డొనాల్డ్ చాట్‌మన్ అట్టి స్త్రీల కడుపులను దర్శినితో పరీక్షించి, వారిలో అనేకులకు నిజముగ నున్నది ఎండోమెట్రియోసిస్ అని చూపెను. ఒకతెను పెండ్లాడలేదని నిందించిరి; మఱియొకతె నడతను శంకించిరి. నొప్పి యిద్దఱికి నొక్కటియే.

నేటి స్థితి కొంత మేలు. ఎండోమెట్రియోసిస్ చికిత్స కొఱకు యూరపు వైద్యసంఘము 2022లో ప్రకటించిన మార్గదర్శకములలో, కేవలము ఈ వ్యాధి నయమగుటకై గర్భము ధరింపుమని ఎవరికిని సలహా యీయరాదని స్పష్టముగ నున్నది. కడుపు కోసి చూచిననే గాని నిదానము కుదరదను పాతమాటయు సడలినది. చక్కని అల్ట్రాసౌండు, ఎమ్మారై చిత్రములతో చాలవఱకు తెలియుచున్నది. రసములను అణచు మందులు గలవు. అవసరమైనచో శస్త్రచికిత్స గలదు. సమూలముగ మాన్పు మందు మాత్రము ఇంకను లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వము 2018లోను, ఫ్రాన్సు ప్రభుత్వము 2022లోను ఈ వ్యాధి విషయమై దేశవ్యాప్తమైన కార్యక్రమములు ప్రకటించెను. ఇన్ని యున్నను మొదటి లక్షణమునుండి నిదానమువఱకు అనేక దేశములలో ఏడెనిమిది సంవత్సరములు, ఒక్కొక్కచో అంతకంటె నెక్కువయు పట్టుచున్నది. ఆ సంవత్సరములలో మొదటివి ఆసుపత్రిలో గడచునవి కావు; ఇంటిలో గడచునవి.

కాబట్టి కడపట మన యిండ్లమాట చెప్పక తప్పదు. తెలుగు కుటుంబములలో ముట్టు లెక్క లేదని యెవరనగలరు? ఏ దినమున బయట చేరినది, ఏ దినమున తలంటుకొనవలెను, పండుగనాటికి అడ్డు వచ్చునా రాదా, వ్రతము పీటలమీద కూర్చుండవచ్చునా యను లెక్కను మన పెద్దలు వ్రేళ్లమీద తప్పులేక చెప్పుచుండెడివారు. నేటికిని ఆ లెక్క చాల యిండ్లలో జరుగుచునే యున్నది. మైలకొఱకు అంత శ్రద్ధగ నుంచిన తేదీలప్రక్కన, ఆ దినములలో పిల్ల ఎంత నొప్పిపడినది, నడుము పట్టినదా, కాలు లాగినదా, బడి మానినదా యను మాట ఎక్కలేదు. నొప్పియన్న పిల్లకు వచ్చు సమాధానము అందఱకును అది మామూలే యనియో, పెండ్లియైన తగ్గుననియో, ఒక కాన్పైన సర్దుకొనుననియో. ఈ మాట చెప్పు తల్లులు క్రూరురాండ్రు కారు. వారికిని వారి తల్లులు అదే చెప్పిరి. ప్లేటో కాలమునుండి పండితులు గ్రంథములలో వ్రాసిన మాటనే వారు వంటయింటిలో పలుకుచున్నారు.

సంస్కారము కోరు గృహస్థులకు మేము చేయు మనవి చిన్నది. పాలలెక్కకును, గ్యాసు తేదీకిని చోటున్న గోడక్యాలెండరులో ఇంటి ఆడపిల్ల నొప్పికిని చోటు పెట్టుడు. ముట్టు మొదలైన దినము, నొప్పి వచ్చిన దినము, వచ్చిన చోటు, తగ్గిన దినము ఇంతే చాలును. నడుమునొప్పిగల ప్రతిస్త్రీకిని వెన్నులో ఈ వ్యాధి యున్నదని మేము చెప్పుటలేదు. అట్టి నొప్పులలో అత్యధికభాగము వేఱు కారణములవలన వచ్చునవే. అయినను పిల్ల మంచము దిగలేని నొప్పి, మందులకు లొంగని నొప్పి, కాలిలోనైనను వెన్నులోనైనను నెలతోపాటు వచ్చిపోవు నొప్పి మామూలు నొప్పి కాదు. ఆ మూడునాలుగు నెలల కాగితమును స్త్రీవైద్యులకును, కాలు తిమ్మిరియున్నచో నరములవైద్యులకును చూపవలెను. వారడుగకున్నను మీరే చూపవలెను. ఇట్టి కాగితమును వ్రాయుటకు తండ్రియు, అన్నయు సిగ్గుపడనక్కఱలేదు. సాంప్సన్ సిగ్గుపడియుండినయెడల ఈ వ్యాధికి పేరే యుండెడిది కాదు.